నొగ మీది బరువు

మా పెదనాయన పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను ఆత్మకూరులో, హాస్టల్ మెట్ల మీద ఇడ్లీ పళ్లెం పట్టుకుని కూర్చుని ఉన్నాను. ఫోన్ చేసింది మా నాయన. "పాపా, పెదనాయన పోయినాడు" అన్నాడు.  ఆ వెంటనే, "తినేసి బస్సెక్కు" అన్నాడు.

ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కొన్నేళ్లుగా నాకు మాటలంటే పిచ్చి. కొత్త మాట ఎక్కడ విన్నా నోట్‌బుక్కులో రాసుకుంటాను. ఆ దారి పొడుగునా ఆయన గురించి ఒక్క వాక్యమైనా మనసులో కుదురుగా అనుకుందామని చూశాను. ఒక్కటీ నిలవలేదు. కొండ మీది కోట గోడలు కనపడేసరికి ప్రయత్నం మానేశాను.

పొద్దున్నే వాకిట్లో ట్రాలీ కొక్కేనికి గ్రీజు పూస్తూ పూస్తూ పక్కకు ఒరిగిపోయాడట. నేను చేరేసరికి వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. కుడిచేతి మూడు వేళ్లకు నల్లటి గ్రీజు అలాగే ఉంది. పెద్దమ్మ సబ్బునీళ్లు తెచ్చి తుడవబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనీమ్మా. రేపటి ప్రయాణానికని పూసుకున్నాడు" అంది. పెద్దమ్మ గిన్నె పక్కన పెట్టేసింది.

ఆ ప్రయాణం సంగతి చెబితేనే ఆయన సంగతి చెప్పినట్టవుతుంది.

అక్క పెదనాయనకు ఒక్కతే కూతురు. మోటారు సైకిళ్ల పందేలలో పాల్గొంటుంది. చెన్నైలో ఇంజినీరింగు చదివేటప్పుడు అక్కడి రేసు ట్రాక్ మీద నేర్చుకుంది. చదువు అయిపోయాక ఇంటికొచ్చి, కొన్నేళ్లు ఇదే పని చేస్తానని చెప్పింది. మా వైపు పొలాలున్న ఇళ్లలో ఇలాంటి మాట ఎవరూ విని ఉండరు. బంధువులు తలా ఒక మాట అన్నారు.  పెదనాయన మాత్రం మూడో రోజు అన్నం తింటూ ఒకే ప్రశ్న అడిగాడు: "బండ్లను అక్కడికి ఎట్ట తీసకపోతావ తల్లీ?"

మొదటి ఏడాది మినీ లారీ బాడుగకు మాట్లాడుకుని, వెనక రెండు బైకులనూ తాళ్లతో కట్టి, పైన పట్టా కప్పి తీసుకుపోయేవాళ్లు. ఒకసారి నాయుడుపేట దాటాక వాన పట్టుకుంది. తాడు వదులై ఒక బైకు ఇంకోదాని మీద పడింది. అక్క పందెం ముందు సాధన చేయాల్సిన గంట అంతా వంగిన హ్యాండిల్ సరిచేసుకోవడానికే సరిపోయింది. ఆ రోజు వెనక నుంచి రెండో స్థానంలో వచ్చింది. తిరుగు దారిలో పెదనాయన నాతో అన్నాడు: "ఆ ట్రాక్ లోపల నేను చెయ్యగలిగిందేమీ లేదు పాపా. తీసకపొయ్యేదీ, తిరిగి తీసుకొచ్చేదీ, ఆ రెండే నా చేతిలో ఉండేది. అవన్నా సరిగ్గా చెయ్యాల."

అలా మూసిన ట్రాలీ మాట మొదలైంది. నాలుగు వైపులా రేకు, పైన కప్పు, వెనక తలుపు దించితే అదే బైకులు ఎక్కే పలక. దాన్ని లాగడానికి మంచి బండి ఒకటి కావాలి. ఈ రెండూ ఎలాంటివి కొనాలో కనుక్కునే పని నాకు అప్పజెప్పారు. ఇంట్లో ఇంగ్లీషు ఓపిగ్గా చదివేది నేనే. నాలుగు రోజులు ఫోన్లో చదివి, పెద్ద కాగితం మీద గళ్లు గీసి, ఏ బండి ఎంత బరువు లాగుతుంది, ఏది ఎంత పొడుగు, అన్నీ రంగు పెన్నులతో రాశాను. పెదనాయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "బాగుండాది, రంగులు బాగుండాయి" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బండిని తన పద్ధతిలోనే చూశాడు.

ఆయన పద్ధతి ఎద్దును కొనే పద్ధతి. నెల్లూరులో, కావలిలో పాత డీజిల్ బండ్లు ఆరు చూశాం. రంగు చూడడు, సీట్లు చూడడు. ముందు కాళ్ల కింది మ్యాట్ ఎత్తి తుప్పు ఎంతుందో చూస్తాడు. చక్రాల పక్కన గొంతుక్కూర్చుని ఒక్కో టైరునూ అరచేత్తో నిమురుతాడు. అమ్మేవాడు ఇంజను బలం గురించి చెబుతుంటే ఊకొట్టి, చివరికి, "నీకెందుకు అక్కర్లేకపోయిందబ్బా ఇది?" అని అడుగుతాడు. ఆ జవాబు చెప్పేటప్పుడు వాళ్ల ముఖమే చూస్తాడు.

నాలుగో బండి పొట్టి జీపు. దిట్టంగా ఉంది, అక్కకు నచ్చింది. పొట్టి బండిని వెనక ట్రాలీ అటూ ఇటూ ఈడ్చేస్తుందని నా కాగితంలో రాసి ఉంది. ఆ మాట చెబితే వెంటనే ఒప్పుకున్నాడు. పొట్టి ఎద్దుకు పెద్ద బండి కట్టకూడదని ఆయనకు ముందే తెలుసు. చివరికి ఏడు సీట్ల పొడుగు జీపు ఒకటి కుదిరింది. దాన్ని సీతారామపురం వైపు గుట్టల్లో ఎక్కించి చూస్తాడనుకున్నాం. ఎక్కించాడు కానీ, అసలు చూసింది దిగేటప్పుడు. వెనక ఇసుక మూటలు వేసుకుని, సెకండ్ గేరులో దించుతూ నాలుగు చోట్ల ఆపాడు.

"ఎట్ట లాగతాదో అందరూ చూస్తారు" అన్నాడు. "ఎట్ట ఆగతాదో చూడాల."

ట్రాలీ చేసింది ఆత్మకూరు మేస్త్రి. ట్రాక్టర్ ట్రాలీలు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు, పెదనాయన కంటే పదేళ్లు చిన్న. వెల్డింగు షెడ్డులో ఇద్దరూ నెలన్నర పాటు రోజూ పోట్లాడుకున్నారు. "ఏందన్నా, బైకులకా ఇది, పెళ్లికూతురికా?" అనేవాడు మేస్త్రి. పెదనాయన లోపల గోడలకు దుప్పటి గుడ్డ అంటించమన్నాడు. బైకు ముందు చక్రం కూర్చోవడానికి నేల మీద ఇనుప గాడి చేయించాడు. పలకకు గరుకు రేకు వేయించాడు. కాలు జారితే అక్క మీద బండి పడుతుందని ఆయన భయం.

ట్రాలీ ముందుకు పొడుచుకొచ్చి జీపు కొక్కేనికి తగిలే ఇనుప దూలాన్ని ఏమనాలో నాకు తెలియలేదు. నేను చదివిన దాంట్లో దాన్ని నాలుక అన్నారు. అది విని పెదనాయన నవ్వాడు. "నాలిక ఏంది పాపా, నొగ. ఎద్దుల బండికి కాడి కట్టే దూలం ఉండాదే, అది నొగ." ఆ రాత్రే నోట్‌బుక్కులో రాసుకున్నాను. నేను పుట్టేసరికి మా ఇంట్లో ఎద్దులు లేవు. ఆ మాట ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉండి నా చెవిన పడలేదు.

ఇక్కడే తప్పు జరిగింది. ఆ తప్పులో నాకూ భాగం ఉంది.

సామాన్లు ఎక్కించే రోజు పెదనాయన పనిముట్ల పెట్టెనూ, నీళ్ల డ్రమ్మునూ, టైర్లనూ ట్రాలీలో వెనక వైపు సర్దించాడు. బైకుల చక్రాలు కూర్చునే గాళ్లను కూడా మేస్త్రి చేత వెనక్కి జరిపించాడు. అంతా అయ్యాక నొగను ఒంటిచేత్తో పైకెత్తి చూపించాడు. అంత బరువున్న ట్రాలీ ముక్కు బిందె లేచినట్టు లేచింది. చుట్టూ ఉన్నవాళ్లు మేస్త్రిని మెచ్చుకున్నారు. "చూడండి, జీపు మెడ మీద బరువే పడదు" అన్నాడు పెదనాయన. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అరుదుగా చూశాను.

మొత్తం బరువులో పదో వంతు నొగ మీద ఉండాలని, లేకపోతే ట్రాలీ వెనక తోకలా ఊగుతుందని నా కాగితంలో ఎర్ర పెన్నుతో రాసి ఉంది. ఒకసారి చెప్పాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"లాగేదాని మెడ మీద బరువు పెట్టేది ఏ ఊరి పద్ధతి పాపా? మా నాయన అనేవాడు, కాడి ఎద్దు మెడ మీద పూలదండ మాదిరి ఉండాల అని."

ఆ మాట ఎంతో అందంగా ఉంది. దాన్ని రాసుకునే తొందరలో నా మాట వదిలేశాను. మళ్లీ చెప్పలేదు.

నెల్లూరు దాటి చెన్నై రోడ్డెక్కాం. పెదనాయన నడుపుతున్నాడు, అక్క పక్కన, నేను వెనక సీట్లో. ఒక వంతెన దిగుతుంటే పెద్ద బస్సు మమ్మల్ని దాటింది. ఆ గాలికి ట్రాలీ ఒకసారి పక్కకు ఊగింది, ఇంకోసారి, మూడోసారికి జీపు వెనక భాగాన్నే పట్టి లాగింది. నేను కూర్చున్న చోటు అటూ ఇటూ ఊగిపోతోంది. పెదనాయన బ్రేకు తొక్కాడు. ఇంకా ఎక్కువైంది. అక్క గొంతు పెంచలేదు.

"నాయనా, బ్రేకు వదిలెయ్. యాక్సిలేటర్ మీద కాలు తియ్. స్టీరింగు తిప్పొద్దు, ఊరికే పట్టుకో."

ఆయన అలాగే చేశాడు. ట్రాలీ ఇంకో నాలుగు సార్లు ఊగి, మెల్లగా దారికొచ్చింది.  రోడ్డు పక్కన ఆపి, ఆయన దిగి, ట్రాలీ చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, తాళం అక్క ఒళ్లో పెట్టాడు. "నువ్వు నడుపు" అన్నాడు. సామాను ముందుకు సర్దుకుని, అక్క తక్కువ వేగంతో చెన్నై వరకూ నడిపింది, తిరిగీ ఆమే తెచ్చింది. ఆయన పోనూ రానూ కిటికీలోంచి బయటకే చూశాడు.

ఆ తర్వాత దాదాపు నెల రోజులు జీపు తాళం ముట్టుకోలేదు. పొలం పోయేవాడు, వచ్చేవాడు. ట్రాలీ వైపు చూసేవాడు కాదు. తీసుకుపోవడం, తీసుకురావడం, తన చేతిలో ఉన్నవి ఆ రెండే అన్నాడు కదా. ఆ రెంటికీ తను తగనని అనుకుంటున్నాడని అక్కకు అర్థమైంది. నేను ఎందుకు ఇంకోసారి గట్టిగా చెప్పలేదా అని నాకు నిద్ర పట్టేది కాదు.

ఒక ఆదివారం నేను వసారాలో చదువుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. జేబులోంచి నా కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగి, చెమటకు రంగులు పాకి ఉంది. ఆయన ఇన్నాళ్లూ దాన్ని దగ్గరే పెట్టుకున్నాడని నాకు తెలియదు.

"ఆ ఎర్ర పెన్నుది ఇంకోసారి చదువు పాపా. నిదానంగా. నేను ఇంటా."

చదివాను. నొగ మీది బరువు ఎంతుండాలో, ఎందుకుండాలో, ఆయన ఇచ్చిన మాటలతోనే చెప్పాను. ఎద్దులకు తోక ఊపే ట్రాలీ ఉండదని, అవి గంటకు ఎనభై కిలోమీటర్లు పోవని చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆపి అడిగాడు. అరవై నాలుగేళ్ల మనిషి పంతొమ్మిదేళ్ల పిల్ల దగ్గర, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని విన్నాడు. అంతా విన్నాక, "అయితే తూకం వేద్దాం పా" అని లేచాడు.

ఆత్మకూరులో కందులు, మినుములు కొనే శెట్టిగారి గోడౌన్ ముందు పెద్ద కాటా ఉంది. అక్క మెల్లగా నడిపి ట్రాలీని అక్కడికి చేర్చాక, పెదనాయన సామానంతా మొదటి రోజు ఉన్నట్టే వెనకకు సర్దించాడు. ఎంత తప్పు చేశాడో అంకెలో చూడాలన్నాడు. కాటా మీద ఒక కొయ్య దిమ్మె పెట్టి, దాని మీద నొగను దించాం. ఆ దిమ్మె ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్నది. పైన నొగ కూర్చునేలా గాడి చెక్కించాడు. శెట్టిగారు గల్లా వదిలిపెట్టి బయటకొచ్చాడు.

"నలభై ఏళ్లుగా మూటలు తూస్తా ఉండా. బండి ముక్కును తూసేది ఈరోజే చూస్తా ఉండా. ధర ఎంత చెప్తావయ్యా ముక్కుకి?"

"అమ్మేదానికి కాదులే శెట్టీ. బుద్ధి వచ్చిందో లేదో చూసుకుంటా ఉండాను" అన్నాడు పెదనాయన.

కాటా ముప్పై నాలుగు కిలోలు చూపించింది. వంద దాకా ఉండాలి. పెట్టెను, డ్రమ్మును ముందుకు మార్చాం. బైకులను మూరెడు ముందుకు జరిపాం. తొంభై ఒకటి. టైర్లు కూడా ముందుకు తెచ్చాం. నూట మూడు. బైకుల చక్రాలు ఎక్కడ నిలిచాయో అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. మేస్త్రిని ఫోన్లో పిలిచి గాళ్లు అక్కడికి మార్చమన్నాడు. ముందు అనుకున్న చోటే అది అని మేస్త్రి అరిచిన అరుపు మా అందరికీ వినపడింది.

జీపుకు తగిలించగానే దాని వెనక భాగం రెండు వేళ్ల మందం కిందికి దిగింది. పెదనాయన ముఖం ముడుచుకుంది. పోయి దాని పక్క మీద అరచెయ్యి పెట్టాడు.

"దానికి స్ప్రింగులుండాయి నాయనా. మెడ లేదు" అంది అక్క.

"ఉండాది తల్లీ. మనకు కనపడదు."

అక్క తాళం ఆయన చేతిలో పెట్టి, తను పక్క సీట్లో కూర్చుంది. ఆయన కాసేపు ఆ తాళాన్ని చూస్తూ నిలబడి, ఎక్కాడు. నెల్లూరు దాకా పోయి వచ్చాం. దారిలో ఎన్నో బస్సులు దాటిపోయాయి. ఒక్కోటి దాటినప్పుడల్లా ఆయన అద్దంలో ట్రాలీని చూసేవాడు. సంగం దగ్గర ఒక లారీ ఒరుసుకుపోయినంత దగ్గరగా దాటింది. ట్రాలీ కదలలేదు. "మాట ఇంటా ఉండాది" అన్నాడు మెల్లగా. ట్రాలీ గురించో, తన గురించో నేను అడగలేదు.

ఇల్లు చేరాక కొక్కెం విప్పాం. జీపు వెనక భాగం మళ్లీ రెండు వేళ్లు పైకి లేచింది. ఆయన దాని కోసమే కనిపెట్టుకుని ఉన్నాడు. బానెట్ మీద రెండుసార్లు తట్టి, "చాల్లే, ఇంక పడుకో" అన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి ప్రయాణం చివరా అదే మాట. మేం నవ్వేవాళ్లం.

రెండు సీజన్లు ఆయనే నడిపాడు. పందేలు మాత్రం ఒక్కటీ చూడలేదు. ట్రాలీ నీడలో, ట్రాక్‌కు వీపు పెట్టి, ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవాడు. అక్క బైకు చప్పుడు మాత్రం ఇరవై బైకుల్లోనూ గుర్తుపట్టేవాడు. ఆ చప్పుడు దూరమైతే చేతిలో కాయ ఆగిపోయేది, దగ్గరకొస్తే మళ్లీ ఒలిచేవాడు. ట్రాలీలో బైకులకు బెల్టులు బిగించడానికి చెయ్యి వేసిన ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఉదయగిరి చెక్క గరిటె ఒకటి ఇచ్చేవాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఆయన్ని స్పూన్ అంకుల్ అనేవాళ్లు. పేరు ఎవరికీ తెలియదు. కిందటేడు అక్క మూడో స్థానంలో వచ్చి కప్పు తెస్తే, ముందు ఆమె మోచేతులు, మోకాళ్లు తడిమి చూసి, ఆ తర్వాత కప్పు చేతిలోకి తీసుకున్నాడు.

పదకొండో రోజు కర్మ అయ్యాక బంధువులు జీపూ ట్రాలీ అమ్మేయమన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆడపిల్ల ఒక్కతే అంత దూరం ఎలా లాక్కుపోతుందని వాళ్ల దిగులు.  ఆయన పోయిన రోజు నుంచి ట్రాలీ తలుపు తెరవలేదు. మర్నాటి ప్రయాణానికి ఆయన సర్దిపెట్టింది సర్దిపెట్టినట్టే లోపల ఉంది. సాయంత్రం అందరూ వెళ్లాక అక్క వెళ్లి తలుపు దించింది. రెండు బైకులూ బెల్టులతో బిగించి, ముందు చక్రాలు గాళ్లలో కూర్చుని ఉన్నాయి. చెరిగిపోకుండా సుద్ద గీతల మీద ఎప్పుడో ఎర్ర పెయింటు వేశాడు. నీళ్ల డ్రమ్ము నిండుగా ఉంది. దుప్పటి గుడ్డ గోడకు సంచీ తగిలించి ఉంది, దాన్నిండా గరిటెలు. అక్క పలక మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. లేచేటప్పుడు, "వచ్చే నెల పందానికి పోదాం. నువ్వు పక్కన కూచో" అంది.

మరుసటి నెల దాకా ఆయన బిగించిన బెల్టులు ఆమె విప్పలేదు. టైర్లలో గాలి చూసుకుంది, బ్యాటరీలు చార్జి పెట్టుకుంది, అంతే. ఆత్మకూరులో శెట్టిగారి కాటా దగ్గర ఆపాం. నేను దిమ్మె పెట్టాను, అక్క నొగ దించింది. శెట్టిగారు ఈసారి ధర అడగలేదు. చెప్పులు విడిచి వచ్చి, వంగి అంకె చూసి, "నూట మూడు" అన్నాడు. పైపంచెతో ముఖం తుడుచుకుని లోపలికి పోయాడు.

అక్క ఐదో స్థానంలో వచ్చింది. ట్రాలీ నీడలో శెనక్కాయలు ఒలుస్తూ నేనే కూర్చున్నాను. అలవాటు లేని నా చెవులకు ఇరవై బైకులూ ఒకేలా వినిపించాయి. ఆమె హెల్మెట్ తీసి నా ముందుకొచ్చి నిలబడ్డాకే ఊపిరి వచ్చింది. తిరుగు దారిలో ఎన్నో బస్సులు మమ్మల్ని దాటాయి. ప్రతిసారీ ఇద్దరం అద్దంలోకి చూశాం.

ఇంటికి చేరేసరికి సూర్యుడు కోట వెనక్కి దిగుతున్నాడు. పెద్దమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఏమీ అడగకుండా అక్క మోచేతులు తడిమి చూసింది. నేను దిమ్మె పెట్టాను. అక్క కొక్కెం విప్పింది. నొగ దిమ్మె గాడిలో కూర్చుంది. జీపు వెనక భాగం మెల్లగా రెండు వేళ్ల మందం పైకి లేచి ఆగింది.

బానెట్ ఇంకా వేడిగా ఉంది. దాన్ని తట్టి ఆయన ప్రతిసారీ అనే ఆ మాట ఇప్పుడు మాలో ఎవరో ఒకరు అనాల్సి ఉందని ఇద్దరికీ తెలుసు. చేతులకు అంటిన గ్రీజుతో కాసేపు అలాగే నిలబడ్డాం.